డబ్లిన్ కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియం: మా నాన్నతో ఒక రోజు

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, డబ్లిన్‌లో ఎక్కడికి తీసుకెళ్ళాలి అని ఇక్కడి తెలుగువాళ్ళు ఎప్పుడూ ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు. జవాబులు కూడా ఎప్పుడూ అవే, సముద్రం పక్క కొండలు, జూ, షాపింగ్. నా మాట వినండి, ఒక రోజు కిల్డేర్ స్ట్రీట్‌లో ఉన్న మ్యూజియానికి తీసుకెళ్ళండి. పూర్తి పేరు నేషనల్ మ్యూజియం ఆఫ్ ఐర్లండ్, ఆర్కియాలజీ. ఇక్కడి పార్లమెంటు భవనాన్ని ఆనుకునే ఉంటుంది, టికెట్టు లేదు, పైసా కట్టక్కర్లేదు. రాతియుగం మనిషి చేపలు పట్టుకున్న బుట్ట దగ్గర మొదలై క్రీ.శ. 1550 దాకా ఈ దేశం కథంతా రెండు అంతస్తుల్లో ఉంది. నేను ఆరేళ్ళుగా ఆ భవనం ముందు నుంచే ఆఫీసుకి నడుస్తున్నాను, లోపలికి అడుగుపెట్టింది మాత్రం మొన్న వేసవిలో, మా నాన్నతో.

ఆ రోజు అసలు మేం న్యూగ్రేంజ్ వెళ్ళాల్సింది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన రాతి సమాధి అది, డిసెంబరు 21 దరిదాపుల్లో పొద్దు పొడిచేటప్పుడు వెలుగు సన్నటి సందులోంచి లోపలి గది దాకా పాకుతుంది. నాన్నకి అది చూడాలని చాలా కోరిక. నెల ముందే బుక్ చేసిన టూర్ బస్సు వాళ్ళు పొద్దున ఏడింటికి ఈరోజు బస్సు లేదని మెసేజ్ పెట్టారు. అమ్మ అప్పటికే పులిహోర కలిపేసింది, మా పాప బూట్లు కూడా వేసుకుని కూర్చుంది. సరే, ఆ సమాధులు కట్టినవాళ్ళ వస్తువులైనా చూద్దాం అని లువాస్ ట్రామ్ ఎక్కి డాసన్ స్టాప్‌లో దిగాం.

మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మ్యూజియాన్ని నేను చూసింది ఆయన కళ్ళతోనే. మాది మచిలీపట్నం పక్క, చిలకలపూడికి దగ్గర. చుట్టుపక్కల అందరూ రోల్డ్ గోల్డ్ పనిలో ఉంటే నాన్న మాత్రం నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చుని అసలు బంగారం పనే చేశారు. షోరూములు వచ్చాక పని తగ్గింది, తర్వాత చూపు తగ్గింది, మానేశారు. ఇక్కడికి వచ్చి రెండు నెలలైనా ఏది చూపించినా "బాగుందమ్మా" అని ఊరుకునేవారు. ఆ రోజు మాత్రం ఐదు గంటలసేపు మాట్లాడుతూనే ఉన్నారు.

లోపలికి వెళ్ళగానే గుండ్రటి హాలు, పైన ఎత్తైన గుమ్మటం, చుట్టూ పాలరాతి స్తంభాలు. 1890లో తెరిచిన భవనం. కింద చూడడం మర్చిపోకండి, నేల మీద చిన్న చిన్న రాళ్ళతో పొదిగిన రాశిచక్రం ఉంది. మేషం, వృషభం, కర్కాటకం, అన్నీ గుర్తుపట్టేయొచ్చు. "అమ్మమ్మా, నాది ఏ రాశి?" అని పాప, "మిథునం, అదిగో ఆ కవలలు" అని అమ్మ, అక్కడే పది నిమిషాలు పోయింది. పిల్లల్ని తీసుకెళ్తే ఆట అక్కడే మొదలుపెట్టండి.

అది దాటితే చరిత్రకు ముందటి ఐర్లండ్. మొదట కంటపడేది ఒక దోనె. పదిహేను మీటర్ల పైచిలుకు పొడవు, ఒకే ఓక్ చెట్టు మొద్దుని తొలిచి చేసింది, 1901లో గాల్వే కౌంటీలో లర్గన్ అనే చోట చిత్తడి నేల కింద దొరికింది, వయసు సుమారు 4,500 ఏళ్ళు. అమ్మ పుట్టిల్లు కొల్లేటి పక్క. అక్కడ తాటి మొద్దుని తొలిచి దోనె చేసుకుని దాని మీదే వాకిట్లోంచి వాకిట్లోకి తిరిగేవాళ్ళట. "ఇదెంత పొడుగుందే! ఊరంతా ఎక్కేయొచ్చు" అంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూసుకొచ్చింది. దీనికంటే పాతది ఆ చేపల బుట్ట. మీత్ కౌంటీ క్లోవన్స్‌టౌన్‌లో పెద్ద రోడ్డు వేసే ముందు తవ్వితే దొరికింది, దాదాపు ఏడువేల ఏళ్ళది. సన్నటి పుల్లలు అల్లిన తీరు చూస్తే మొన్నెవరో అల్లి నీళ్ళలో పెట్టినట్టే ఉంటుంది.

ఈ గదిలో నాకు అన్నిటికన్నా నచ్చింది గుప్పెట్లో ఇమిడే ఒక చెకుముకి రాయి. న్యూగ్రేంజ్ పక్కనే నౌత్ అనే ఇంకో పెద్ద సమాధి ఉంది, అక్కడ 1982లో తవ్వకాల్లో దొరికిన గద తల ఇది, అయిదువేల ఏళ్ళ నాటిది. కర్ర దూర్చడానికి పెట్టిన రంధ్రం తెరిచిన నోరులా, దాని పైన చెక్కిన రెండు సుడులు కళ్ళలా ఉంటాయి. చెకుముకి రాయి ఎంత గట్టిదో, ఎంత పెళుసుగా పగులుతుందో తెలుసు కదా. ఇనుము కాదు కదా, రాగి కూడా లేని రోజుల్లో దాని మీద అంత నున్నగా సుడి తిప్పారు. మన దగ్గర పొలాల్లో కనిపించే పెద్ద పెద్ద రాతి సమాధుల్ని రాక్షస గుళ్ళు అంటాం, మనుషుల వల్ల అయ్యే పని కాదని మన పెద్దవాళ్ళకి అనిపించింది కాబట్టి. ఇక్కడివి వాటికంటే రెండు వేల ఏళ్ళకి పైగా పాతవి.

ఇక బంగారం. హాలు నడిమధ్యలో కాస్త కిందకి దిగితే అంతా బంగారమే, 'ఓర్' అని పేరు, ఐరిష్ భాషలో బంగారం అని అర్థం. ఇనుముకి ముందటి కాలపు బంగారం ఇంత ఎత్తున ఉన్న చోట్లు యూరప్‌లో చాలా తక్కువ. ముందు నెలవంక ఆకారంలో పల్చటి రేకు హారాలు, లూన్యులా అంటారు. ఇలాంటివి ప్రపంచంలో వందకి కాస్త పైన దొరికితే అందులో ఎనభైకి పైగా ఐర్లండ్‌లోనే దొరికాయి, నాలుగువేల ఏళ్ళు దాటినవి. నాన్న అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయారు. "ఒక్క కడ్డీని కొట్టి సాగదీశాడు చూడు, ఎక్కడా అతుకు లేదు. బంగారాన్ని కొడుతుంటే బిగుసుకుపోతుంది, మధ్యమధ్యలో కాచి చల్లార్చకపోతే అంచు చీలుతుంది. వీడు ఎన్నిసార్లు కాచి ఉంటాడో" అన్నారు. వెడల్పుగా ఉన్న మధ్య భాగం అంతా ఖాళీ, చెక్కుడు పని అంతా రెండు కొసల దగ్గరే. ఆ ఖాళీ వెలుగుని పట్టుకోవడం కోసమే వదిలాడని నాన్న అన్నారు. పక్కకి జరిగి చూస్తే నిజమే, దీపం వెలుగు ఆ రేకు మీద జారిపోతుంది.

తర్వాత మెలితిప్పిన కంటెలు. అమ్మమ్మ వాళ్ళ తరంలో మెడకి పెట్టుకునే కంటెల్లాంటివే, వెనక కొక్కేలు. అమ్మ వాటిని వదిలి రాలేదు.

అక్కడే గ్లెనిన్‌షీన్ హారం ఉంది, క్లేర్ కౌంటీది, సుమారు 2,700 ఏళ్ళ నాటిది. 1932లో ఒక కుర్రాడు కుందేళ్ళ వేటకి వెళ్ళి రాళ్ళ సందులో చూశాడట, శవపేటికకి కొట్టే రేకేమో అనుకుని అక్కడే వదిలేస్తే రెండేళ్ళు అలాగే పడుంది. మెడ చుట్టూ వచ్చే భాగం గట్లు గట్లుగా, గట్టుకీ గట్టుకీ మధ్య తాడు పేనినట్టు సన్నటి గీతలు. రెండు కొసల్లో గుండ్రటి బిళ్ళలు. ఆ బిళ్ళల్ని హారానికి ఎలా కలిపాడో చూడండి, టంకం పెట్టలేదు, బంగారు తీగతో కుట్టాడు, బట్ట కుట్టినట్టు. నేనైతే చూసి కూడా దాటిపోయేదాన్ని, నాన్న వేలు పెట్టి చూపిస్తే తెలిసింది.

ఆయన అక్కడే ఆగిపోతారనుకున్నాను కానీ అసలు ఆగింది లాక్ రింగుల దగ్గర. ఇవి జుట్టుకి పెట్టుకునేవి అంటారు, లోపల బోలుగా, రెండు గరాటు మూతలు ఎదురెదురుగా అతికించినట్టు ఉంటాయి. దూరం నుంచి రేకు మీద గుండ్రంగా గీతలు గీశారనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అవి గీతలు కావు, ఒక్కొక్కటీ విడి తీగ, మిల్లీమీటరు కంటే సన్నం, ఒకదాని పక్కన ఒకటి ఆనించి టంకంతో అతికి ఆ ముఖం తయారుచేశారు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఊదుగొట్టంతో ఒక్క ఊపు ఎక్కువ ఊదితే మొత్తం కరిగి ముద్దవుతుంది" అన్నారు. పాపని ఎత్తుకుని తీగలు లెక్కపెట్టించారు, మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టారు. గంట పైనే అయింది అక్కడ. కాబట్టి బంగారం గదికి మాత్రం తొందర పెట్టుకోకండి.

దొరికినవన్నీ దక్కలేదు. 1854లో క్లేర్‌లోనే రైలు దారి వేస్తుంటే మూహాన్ దగ్గర ఒకేచోట నూట యాభైకి పైగా బంగారు వస్తువులు బయటపడ్డాయి, చాలావరకు అమ్ముకుని కరిగించేశారు. ఇప్పుడు మిగిలినవి కొన్నే. మన ఊళ్ళలో లంకెబిందెల కోసం పాత గుళ్ళని తవ్విపోసేవాళ్ళు గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది.

పోయినదానికి ఎదురుగా, తిరిగొచ్చినది కూడా అక్కడే ఉంది. బంగారు పడవ. జానెడు కూడా లేదు, కానీ తెడ్లు, కూర్చునే బల్లలు, తెరచాప కొయ్య, చుక్కాని తెడ్డు అన్నీ ఉన్నాయి, అన్నీ బంగారమే, రెండు వేల ఏళ్ళ పైబడినది. 1896లో ఉత్తరాన డెర్రీ కౌంటీలో బ్రాయిటర్ అనే చోట పొలం దున్నుతుంటే నాగలికి తగిలింది, దాంతోపాటు ఒక కంటె, గొలుసులు, గిన్నె. అవి చేతులు మారి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి 600 పౌండ్లకి చేరాయి. అప్పుడు ఐర్లండ్ వాళ్ళు ఊరుకోలేదు. 1903లో కోర్టులో వాదన జరిగింది. మళ్ళీ వచ్చి తీసుకుందామని దాచిపెట్టిన నిధి అయితే అది రాజుగారికి చెందుతుంది, సముద్ర దేవుడికి మొక్కుకుని వదిలేసినదైతే చెందదు. అందుకని ఇంగ్లండ్ జడ్జి ముందు లాయర్లు ఐరిష్ సముద్ర దేవుడు మనన్నన్ గురించి వాదించుకున్నారు. చివరికి దాచిన నిధే అని తీర్పొచ్చింది, రాజు దాన్ని డబ్లిన్‌కి ఇచ్చేశాడు. ఆ చీటీ చదువుతుంటే నాకు అమరావతి గుర్తొచ్చింది. మన స్తూపం పలకలు కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నైలో ఉన్నాయి, కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్ల లండన్‌లో ఉన్నవాటిని చూడాలంటే వీసా కావాలి. బ్రాయిటర్ పడవని చూడ్డానికి ఇక్కడి బడిపిల్లలు బస్సులో వచ్చి వరసగా నిలబడ్డారు, నేను చూస్తుండగానే. అది ఎంత పెద్ద విషయమో వాళ్ళకి తెలియకపోవచ్చు, నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

తర్వాతి గది గురించి ముందే చెప్పాలి. అక్కడ మనుషుల శరీరాలు ఉన్నాయి. ఐర్లండ్‌లో చిత్తడి నేలలు చాలా, బాగ్ అంటారు, కుళ్ళిన నాచు పొరలు పొరలుగా పేరుకున్న నేల. దాన్ని కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకుంటారు, టర్ఫ్ అని. ఆ నేలలో గాలి ఆడదు, నీళ్ళు పుల్లగా ఉంటాయి, అందుకని శవం కుళ్ళదు, చర్మం తోలు పదును పెట్టినట్టు నల్లగా గట్టిపడి ఉండిపోతుంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చాలామంది చూసే ఉంటారు. దాన్ని నిలవ ఉండాలనే గుడ్డలు చుట్టి పెట్టారు. వీళ్ళని చంపి బురదలో తొక్కేశారు, నేలే దాచింది.

ఒక్కో శరీరాన్నీ గుండ్రంగా వంపు తిరిగిన గోడ లోపల పెట్టారు. హాల్లో నడుస్తూ ఉంటే కనపడవు, చూడాలని లోపలికి తిరిగినవాళ్ళకే కనపడతాయి. ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. పాపకి ముందే చెప్పి, వద్దంటే నాన్నతో బయటే ఉంచాను. 2003లో మీత్ కౌంటీలో దొరికిన క్లోనికావన్ మనిషి పొట్టివాడు, జుట్టు పైకి ఎత్తి కట్టి ఉంది, దానికి పైన్ చెట్టు జిగురుతో చేసిన లేపనం పూశారు. ఆ జిగురు ఫ్రాన్స్ దక్షిణ భాగం నుంచో స్పెయిన్ నుంచో వచ్చిందట. అదే ఏడాది ఆఫలీ కౌంటీలో దొరికిన ఓల్డ్‌క్రోఘన్ మనిషికి తల లేదు, నడుము కింద లేదు. చేతులు మాత్రం ఉన్నాయి. ఆ చేతుల్ని చూడండి. గోళ్ళు శుభ్రంగా కత్తిరించినట్టు ఉన్నాయి, వేళ్ళ మీద గీతలు కనిపిస్తాయి, వేలిముద్ర తీసుకోవచ్చు, మోటుపని చేసిన చెయ్యి కాదు. జబ్బకి అల్లిన తోలు దండకడియం. అదే జబ్బలకి రంధ్రాలు చేసి హేజెల్ చెట్టు కొమ్మలు గుచ్చి ఉన్నాయి. రెండు వేల రెండొందల ఏళ్ళు దాటింది.

అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, శవాన్ని చూస్తే తలస్నానం చేయాలి అంటూ. నేను బయటికొచ్చి చీటీలో ఉన్నది చదివి చెప్పాను, ఆయన కడుపులో ఆఖరి భోజనం ఏమిటో తేల్చారమ్మా, గింజల జావ, మజ్జిగ అని. "మజ్జిగా?" అని లోపలికి వచ్చింది. ఆ చేతుల వైపు చాలాసేపు చూసి "ఏ తల్లి కన్న బిడ్డో" అని కళ్ళు తుడుచుకుంది. ఇంటికెళ్ళి తలస్నానం చేసింది కూడా.

ఎందుకు చంపారన్నదానికి ఈ మ్యూజియంలోనే పనిచేసిన ఈమన్ కెల్లీ అనే పరిశోధకుడి వివరణ గోడల మీద ఉంది. శరీరాలు దొరికిన చోట్లు చాలావరకు పాత చిన్న రాజ్యాల పొలిమేరల మీద ఉన్నాయని, పంటలు పోయి, పాడి ఎండినప్పుడు రాజుని గానీ రాజు కాదలచినవాణ్ణి గానీ నేల తల్లికి బలి ఇచ్చేవారని ఆయన వాదన. దీన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నాకు మాత్రం అక్కడే పక్కన పెట్టిన వెన్న కుండలు చూశాక ఆ వాదన మనసుకి పట్టింది. నిజంగా వెన్నే. కొయ్య గిన్నెల్లో పెట్టి అదే చిత్తడి నేలల్లో పాతారు, కొన్ని మూడువేల ఏళ్ళు దాటినవి ఉన్నాయట, గట్టిపడి మైనంలా ఉంది. పొలిమేర దేవతకి మొక్కడం, పాడి బాగుండాలని వెన్న పెట్టడం, ఇదంతా మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ గది నుంచి బయటికొచ్చి మెరియన్ స్క్వేర్ పార్కులో కూర్చుని పులిహోర తిన్నాం. ఉచితం కాబట్టి ఎన్నిసార్లయినా బయటికెళ్ళి రావచ్చు, పెద్దవాళ్ళతో అది ఎంత సుఖమో.

మధ్యాహ్నం ట్రెజరీ అనే గది. క్రైస్తవ మఠాల కాలం, క్రీ.శ. 8, 9 శతాబ్దాలు. ఆర్డా పాత్ర దగ్గర జనం ఎక్కువ ఉంటారు, కాస్త ఆగి దగ్గరికి వెళ్ళండి. 1868లో లిమరిక్ కౌంటీలో ఇద్దరు కుర్రాళ్ళు బంగాళాదుంపలు తవ్వుతుంటే దొరికింది. వెండి గిన్నె, రెండు పిడులు, మధ్యలో బంగారు తీగ పని పట్టీ, ఆ పట్టీ కింద క్రీస్తు శిష్యుల పేర్లు ఎంత సన్నగా చుక్కల మధ్య చెక్కారంటే వెలుగు ఒక పక్క నుంచి పడితేనే కనపడతాయి. అడుగున, పీఠం కింద, ఒక స్ఫటికం పొదిగి దాని చుట్టూ మళ్ళీ తీగ పని చేశారు. బల్ల మీద పెడితే అది ఎవరికీ కనపడదు, పూజారి తాగడానికి పైకెత్తినప్పుడు ఒక్క క్షణం కనిపిస్తుంది. నాన్న "తాళి వెనక కూడా నగిషీ చేసేవాణ్ణి నేను, కనపడేది కాదు, చేసేవాణ్ణి" అన్నారు. ఇక్కడ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంకో మాట, గేలిక్ ఫుట్‌బాల్ గెలిచినవాళ్ళకి ఇచ్చే శామ్ మగ్వైర్ కప్పుకి నమూనా ఈ పాత్రే.

పక్కనే తారా బ్రోచ్, అరచేతిలో పట్టే కొక్కెం, శాలువాకి పెట్టుకునేది. పేరు తారా అయినా దొరికింది తారా కొండ మీద కాదు, 1850లో బెట్టీస్‌టౌన్ సముద్ర తీరంలో. నకళ్ళు చేసి అమ్ముకున్న ఒక నగల వ్యాపారి రాజుల కొండ పేరు తగిలించాడు. దానికి వేలాడే అల్లిక వెండి గొలుసు చూడండి. ఇలాంటి తీగ అల్లికని పురావస్తు శాస్త్రంలో ట్రిచినోపలీ పని అంటారు, మన పక్క తిరుచిరాపల్లి పేరే. ఇది చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. తిరుచ్చిలో ఆయన గురువుగారి తమ్ముడు ఉండేవాడట, ఆ అల్లిక ఆయనకి తెలుసట.

డెర్రినాఫ్లాన్ నిధి 1980లో ఒక తండ్రి, కొడుకు మెటల్ డిటెక్టర్‌తో టిప్పరరీలోని పాత మఠం స్థలంలో పట్టినది. అది ఎవరిదన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987లో తేలింది, యజమాని తెలియని ప్రాచీన వస్తువు దేశానిది అని. దొరికించుకున్నవాళ్ళకి 50,000 పౌండ్లు ఇచ్చారు. దాని తర్వాత 1994లో చట్టంలో కూడా రాసేశారు. ఈ గదిలో ఏ అద్దం ముందు నిలబడినా ఎవరు, ఏ పొలంలో, ఏం చేస్తుంటే దొరికిందో రాసి ఉంటుంది. రాజుల పేర్ల కంటే దుంపలు తవ్వినవాళ్ళు, టర్ఫ్ కోసినవాళ్ళు ఎక్కువ కనపడే మ్యూజియం నేనింకోటి చూడలేదు.

2006లో దొరికిన కీర్తనల పుస్తకం అయితే నన్ను కదలనివ్వలేదు. టిప్పరరీలోనే ఫాడన్ మోర్ అనే బాగ్‌లో మిషను నడిపేవాడు బకెట్లో ఏదో తోలు ముక్క చూసి వెంటనే ఆపేశాడు. క్రీ.శ. 800 ప్రాంతంలో తోలు పేజీల మీద రాసిన పుస్తకం, పన్నెండు వందల ఏళ్ళు బురదలో నాని అంటుకుపోయింది. దాన్ని విడదీసి ఆరబెట్టడానికి నాలుగేళ్ళకి పైగా పట్టింది. సిరా తగిలిన చోట తోలు మిగిలింది, తగలని చోట కరిగిపోయింది, అందుకని కొన్ని పేజీల్లో అక్షరాలే విడివిడిగా మిగిలాయి. అట్ట లోపల ఈజిప్టు వైపు దొరికే పాపిరస్ అంటించి ఉంది. ఈ మారుమూల చిత్తడి నేలకీ మధ్యధరా సముద్రానికీ అప్పట్లోనే రాకపోకలు ఉన్నాయన్నమాట.

మేడ మీద వైకింగులు, ఉత్తరాన స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు. డబ్లిన్ ఊరికి పునాది వేసింది వాళ్ళే, 841లో ఓడలు నిలిపి స్థావరం పెట్టారు. కత్తులు, తూకపు రాళ్ళు, కొమ్ముతో చేసిన దువ్వెనలు, తోలు చెప్పులు, పిల్లలు ఆడుకున్న కొయ్య పడవ. పాపకి ఈ అంతస్తే నచ్చింది. నాన్నకి నచ్చినవి ఎముక ముక్కలు, పనివాళ్ళు డిజైన్లు గీసి చూసుకున్నవి. కొన్ని చేయి తిరిగినవాడివి, కొన్ని వంకర పోయినవి, అదే ఎముక మీద ఒకే ముడి మూడుసార్లు గీసినవి ఉన్నాయి. "నాకు మొదటి ఏడాది రాగి రేకు మాత్రమే ఇచ్చారు, బంగారం ముట్టుకోనివ్వలేదు" అన్నారు నాన్న, ఆ వంకర ముడి దగ్గరే నిలబడి.

వీటిలో చాలా వస్తువులు డబ్లిన్ నడిబొడ్డున తవ్వకాల్లో దొరికాయి. వుడ్ కీ అనే చోట కార్పొరేషన్ ఆఫీసులు కట్టబోతుంటే వైకింగుల కాలపు ఊరే బయటపడింది. 1978లో 20,000 మంది వీధుల్లోకి వచ్చి ఆపమన్నారు. అయినా ఆఫీసులు కట్టేశారు, తవ్వగలిగినంత తవ్వి వస్తువుల్ని తెచ్చుకున్నారు. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయని తవ్వి కొన్ని కట్టడాలని కొండ మీదకి చేర్చుకున్నాం కదా, అలాంటిదే. చేతికందినంత కాపాడుకున్నారు, మిగతాది కాంక్రీటు కిందో నీళ్ళ కిందో ఉండిపోయింది.

మధ్యయుగపు ఐర్లండ్, 1150 నుంచి 1550, పక్క గదుల్లో. యుద్ధం చేసేవాళ్ళు, పని చేసేవాళ్ళు, ప్రార్థన చేసేవాళ్ళు అని మూడు భాగాలు. నార్మన్లు 1169లో దిగడం, కోటలు, ఊళ్ళు, సాధువుల అవశేషాలు దాచిన పెట్టెలు. ఇక్కడ చదవాల్సింది ఎక్కువ, అప్పటికి కాళ్ళు లాగుతుంటాయి. ఓపిక లేకపోతే దీన్ని ఇంకో రోజుకి ఉంచుకోండి. ఒక్క సెయింట్ ప్యాట్రిక్ అనే ఇక్కడి సాధువు పన్ను దాచిన పెట్టె మాత్రం చూసి రండి, ఫియకల్ ఫాద్రిగ్ అని రాసి ఉంటుంది.

చీటీలు ఐరిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి, ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకి పక్కన మనం చదివి చెప్పాలి. ఆది, సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి తెరుస్తారు, మిగతా రోజుల్లో ఉదయం పదింటికి, ఐదింటికి మూసేస్తారు. వేళలు మారుతుంటాయి, కొన్ని గదులు మరమ్మతుకి మూస్తుంటారు, బయల్దేరే ముందు ఒకసారి వెబ్‌సైట్ చూసుకోండి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. ఒక్కరోజులో అంతా చూడాలనుకుంటే కింది అంతస్తుకి నాలుగు గంటలు, పైదానికి రెండు గంటలు పెట్టుకోండి.

నాన్న ఊరెళ్ళేలోపు ఇంకో మూడుసార్లు వెళ్ళారు, రెండుసార్లు ఒక్కరే, లువాస్ ఎక్కడం అప్పుడే నేర్చుకున్నారు. ప్రతిసారీ లాక్ రింగుల దగ్గరికే. పోయిన వారం వీడియో కాల్ చేస్తే వెనకాల కుంపటి కనిపించింది, పదకొండేళ్ళ తర్వాత వెలిగించారట. రాగి తీగని సన్నగా లాగి, చుట్లుగా పేర్చి అతుకుతున్నారు. ఏడు చుట్లు కుదిరాయట, ఎనిమిదోది పెట్టేసరికి ఏడూ కరిగిపోయాయట. కొత్త భూతద్దం కావాలమ్మా, వచ్చేవాళ్ళెవరితోనైనా పంపు అన్నారు.